జీవామృతం, ఒక లీటరు

నిన్న మధ్యాహ్నం నుంచి నా చొక్కా ఒకటి మేడ మీద దండెం చివర ఒంటరిగా వేలాడుతోంది. రెండుసార్లు ఉతికినా సరే, మా ఆవిడ దాన్ని మిగతా బట్టల పక్కన ఆరనివ్వడం లేదు.

ముందు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అనంతపురంలో మా పేటలో ఒక శాఖా గ్రంథాలయం ఉంది. ఎండాకాలం ఫ్యాను కోసం వెళ్లడం మొదలుపెట్టి, ఆ తరువాత పేపరుకు అలవాటుపడ్డాను. కిందటేడు అక్కడ ఒక పాత బీరువాలో విత్తనాల అర పెట్టారు. పుస్తకం తీసుకెళ్లినట్టు గింజలు తీసుకెళ్లాలి, పండించాక రెండింతలు తెచ్చివ్వాలి. కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ పబ్లిక్ లైబ్రరీలో 2010 నుంచే ఇలాంటిది ఉందని నేను ఇంట్లో గొప్పగా చెబితే మా అమ్మ, "ఇరవై ఇచ్చి నలభై పుచ్చుకోవడం అంటే నాగు వడ్డీ కదరా. దానికి అమెరికా దాకా పోవాలా?" అంది.

దసరాకు ఇరవై అలసందలు తెచ్చాను. పండాయి. ఎన్ని పండాయో ఇక్కడ అనవసరం. గడువు మాత్రం దాటింది. ఉత్త గింజలతో వెళ్లడానికి మొహం చెల్లక, గ్రంథాలయం వెనక పింఛనుదారులం కొందరం పెంచుతున్న వంగమడికి ఎరువుగా ఒక లీటరు జీవామృతం కూడా తీసుకెళదామనుకున్నాను. అసలు లెక్క 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పేడ, 10 లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, పిడికెడు గట్టుమట్టి. నేను అన్నింటినీ పదో వంతుకు కుదించి బకెట్లో కలిపాను. పిడికెడులో పదో వంతు ఎంతో తెలియక చిటికెడు మట్టి వేశాను.

దాని మీద గోనెపట్టా కప్పాలే తప్ప మూత బిగించకూడదు. బెల్లం తిన్న సూక్ష్మజీవులు ఊరికే ఉండవు, గాలి వదులుతాయి. ఈ సంగతి నాకు తెలుసు. నలుగురికీ చెప్పినవాణ్ణి కూడా. కానీ ఆటో డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి, ఒకసారి నన్నూ ఒకసారి నా చెప్పులనూ చూసేసరికి, కూల్‌డ్రింకు సీసా మూతను ఇంకో చుట్టు బిగించాను.

కౌంటరు దగ్గర ఉన్నాయన సీసాను పైకెత్తి చూశాడు. "ఇది ఏ పద్దు కింద రాయాలి సార్? విత్తనాలకు కాలమ్ ఉంది. ద్రవాలకు లేదు."

"రాయడం ఎందుకండీ? మడి పది అడుగుల దూరంలో ఉంది. పోసి వచ్చేస్తాను."

"రాయకుండా పోస్తే రేపు ఆడిట్లో ఎవరు చెప్పుకోవాలి? మేడమ్ భోజనానికి వెళ్లారు. వచ్చాక గింజలూ ఇదీ కలిపి ఒకేసారి రాద్దాం. కూర్చోండి."

ఇంటి పన్ను కట్టినప్పుడల్లా రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్న మనిషిని నేను. ఆ పైసలతోనే ఆ రిజిస్టరు కొన్నారు. ఆ మాట అనబోయి మింగాను. ఇలాంటివాళ్లు మన దగ్గరే ఉన్నారనీ అనలేం. 2014లో పెన్సిల్వేనియాలోని మెకానిక్స్‌బర్గ్ గ్రంథాలయం గింజలు పంచుతుంటే, అక్కడి వ్యవసాయ శాఖ వచ్చి విత్తన చట్టం చూపించింది. నయం, వాళ్ల దగ్గర జీవామృతం లేదు.

నలభై గింజల పొట్లాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, సీసాతో పఠన మందిరంలోకి వెళ్లాను. ఈ రోజుల్లో అక్కడ కథలూ నవలలూ చదివేవాళ్లు కనిపించరు. అంతా గ్రూప్స్ పరీక్షల పిల్లలే. దిండ్లంత పుస్తకాలు ముందు పెట్టుకుని, పెదవులు కదపకుండా చదువుతారు. ఎవరైనా పేజీ తిప్పితే అది ఆ గది మొత్తానికీ వినపడుతుంది. గోడ మీద "నిశ్శబ్దం పాటించండి" అని ఉంటుంది కానీ, పాటించనివాణ్ణి ఆ గదిలో నేను చూడలేదు, నిన్నటి దాకా.

కిటికీ పక్కన మాత్రమే ఖాళీ దొరికింది. సీసా మీద ఎండ పడుతోంది. పావుగంటకు దాన్ని ముట్టుకుంటే రాయిలా ఉంది. అడుగు ఉబ్బి, బల్ల మీద బొంగరంలా ఒరిగింది. మేడమ్ భోజనం ఇంకా కాలేదు. సరే, ఎవరికీ ఇబ్బంది లేకుండా కాస్త గాలి తీసేద్దామని సీసాను బల్ల కిందకు, ఒళ్లోకి తీసుకున్నాను. నా మర్యాదే నా కొంప ముంచింది. బల్ల మీదే తీసి ఉంటే అందరికీ సీసా కనిపించేది.

మూతను పావు చుట్టు తిప్పాను.

ఆ శబ్దాన్ని అక్షరాల్లో పెట్టడం కష్టం. సన్నగా మొదలై, మధ్యలో సందేహించి, మళ్లీ ధైర్యం తెచ్చుకుని, దీర్ఘం తీసి, చివర చిన్న కొసరుతో ముగిసింది. అప్పుడు నా వాలకం ఎలా ఉందో మీరే ఊహించుకోండి: అరవై దాటిన మనిషి, రెండు చేతులూ బల్ల కింద, కళ్లు పేపరు మీద, మొహంలో ఏకాగ్రత. శబ్దం ఆగిన రెండు క్షణాలకు వాసన వచ్చింది. ఫ్యాను దాన్ని వివక్ష లేకుండా అందరికీ పంచింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఎదురుగా ఉన్న అమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపింది. పక్కనున్న కుర్రాడు ఎంతో దయగా కిటికీ రెండో రెక్క కూడా తెరిచి, "పర్వాలేదు అంకుల్" అన్నాడు. ఆ "పర్వాలేదు" ఇప్పటికీ గుచ్చుకుంటోంది. మా నాన్నకు చివరి రోజుల్లో నేను సరిగ్గా అదే గొంతుతో ఆ మాట చెప్పేవాణ్ణి.

"నేను కాదు బాబూ, సీసా" అని ఆ నిశ్శబ్దంలో ఎలా అంటాం? అన్నా ఎవరు నమ్ముతారు? అందుకే సాక్ష్యం చూపిద్దామని సీసాను బల్ల మీదకు ఎత్తి, అందరికీ కనిపించేలా పట్టుకుని, మూత ఇంకో పావు చుట్టు తిప్పాను.

మూత ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు.

పేపరు మొత్తం తడిసింది. ఆ కుర్రాడి పుస్తకం మీద కొంత పడింది. మిగతాది నా మీద. నేను నిర్దోషినని మాత్రం అందరికీ తెలిసిపోయింది. కౌంటరు ఆయన చీపురు తెస్తాడనుకుంటే రిజిస్టరు తెచ్చాడు. "పేపర్లు ఫైలు చేయాలి సార్. ఇదే తేదీది ఇంకొకటి తెచ్చివ్వండి" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే మా పేపరు మీద మా ఆవిడ చింతపండు పోసుకుని గింజలు తీస్తోంది.

ఈ ఉదయం ఆ చొక్కా తీసుకురావడానికి మేడ ఎక్కాను. జేబు ఉబ్బి ఉంది. తడిమి చూస్తే పొట్లం కాగితం పిండి పిండి అయింది, నలభై అలసందలూ నాని రెండింతలయ్యాయి. వీటికి మాత్రం కాలమ్ ఉందట.