చందమామ పేరు ఎవరిదైనా కావచ్చు, కథలు ఎవరివి?

చందమామ మళ్లీ వస్తుందా? తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట ఇంకా వస్తూనే ఉంది. చెన్నైలో అయితే మరీనూ. వడపళనిలో ఆ ప్రెస్సు ముందు నుంచి రోజూ బస్సులో వెళ్లినవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. నన్నడిగితే, తేల్చుకోవాల్సింది వేరే ఉంది. అరవై ఏళ్లకు పైగా పోగుపడ్డ ఆ కథలూ, ఆ బొమ్మలూ ఇవాళ ఎవరి సొత్తు?

జరిగింది అందరికీ తెలిసిందే. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. 1998లో ఆగి, ఏడాదికి మళ్లీ లేచింది. 2007లో ముంబయి సాఫ్ట్‌వేర్ కంపెనీ జియోడెసిక్ 94 శాతం వాటా కొన్నది. ఆ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది, పత్రిక ఆగిపోయింది, కంపెనీని మూసి ఆస్తులు అమ్మమని కోర్టు చెప్పింది. మనల్ని పెంచిన పత్రిక ఆ ఆస్తుల జాబితాలో ఒక పద్దుగా మిగిలింది.

ఇక్కడే మనం పొరబడుతున్నాం. కంపెనీని కొన్నవాడు కథల్నీ కొనేశాడని అనుకుంటున్నాం. చట్టం అలా చెప్పడం లేదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ తీసి చదవండి. పత్రికలో జీతానికి పనిచేసేవాడు రాసినదాని మీద యజమానికి హక్కు ఉంది, నిజమే. అది పత్రికల్లో వేసుకునేంత వరకే. వేరే ఒప్పందం రాసుకుని ఉంటే తప్ప మిగతా హక్కులన్నీ, పుస్తకంగా తెచ్చుకునే హక్కుతో సహా, రాసినవాడివే. బొమ్మ గీసినవాడికీ ఇదే వర్తిస్తుంది.

ఇది ఎంత పెద్ద విషయమో చూడండి. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామను నడిపారు. తన పేరు లేకుండానే పేజీలకు పేజీలు రాశారు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ల కింద కూడా పేరు ఉండేది కాదు. తరువాయి భాగం కోసం నెలంతా కాచుకున్న మాలాంటి పిల్లలకు, అవి రాసిందెవరో పెద్దయ్యాక గానీ తెలియలేదు. వడ్డాది పాపయ్య అట్టబొమ్మలున్నాయి. భుజాన శవంతో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గీశారు. వీళ్లంతా తమ హక్కులు పూర్తిగా రాసిచ్చారా? ఇచ్చి ఉంటే ఆ కాగితాలు బయటపెట్టాలి. లేకపోతే అవి ఆ కుటుంబాలవి, వేలంలో చేతులు మారే సరుకు కావు. రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది కనుక కుటుంబరావు రాతలు ఎంత ఆలస్యమైనా 2041లో అందరివీ అవుతాయి. 1992లో పోయిన పాపయ్య బొమ్మలకు 2053 దాకా ఆగాలి. అప్పటికి పాత సంచికల కాగితం చేతిలో పొడిపొడి అయిపోతుంది. నా దగ్గరున్న బైండు పుస్తకాల్లో కొన్ని ఇప్పటికే అలా ఉన్నాయి.

మరి డబ్బు పెట్టి కొన్నవాళ్ల సంగతేమిటని కొందరు అంటారు. హక్కులు ఇలా జారిపోతే రేపు కష్టాల్లో ఉన్న ప్రచురణ సంస్థను ఆదుకోవడానికి ఎవరూ రారని వాళ్ల భయం. అది నిజమైన భయమే. అయితే కొన్నవాడికి పేరు ఉంటుంది, ట్రేడ్‌మార్కు ఉంటుంది, వాటితో కొత్త పత్రిక నడుపుకోవచ్చు. ఏళ్ల తరబడి ఒక్క సంచికా అచ్చు వేయనివాడు పాతవాటికి తాళం వేసి కూర్చుంటానంటే ఒప్పుకోనక్కర్లేదు.

ఇది చందమామ ఒక్కదాని గొడవైతే ఇంత బాధ ఉండేది కాదు. ఈ చెన్నైలోనే తంబుచెట్టి వీధికి వెళ్లండి. కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం అమ్మిన డబ్బుతో 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక మొదలుపెట్టి, 1914లో మద్రాసు తెచ్చి దినపత్రిక చేశారు. 1924లో సాహిత్య పత్రిక భారతి, 1926లో పుస్తకాలు వేసే ఆంధ్ర గ్రంథమాల. ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. అమృతాంజన్ కంపెనీ షేరు మాత్రం నేటికీ మార్కెట్లో ఉంది. మందు బతికింది, అది పోషించిన పత్రికలు పోయాయి.

వావిళ్ల వారి ప్రచురణ సంస్థది ఇంకా పాత కథ, 1854 నాటిది. బెంగళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన కవయిత్రి ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనం’ను 1910లో అచ్చు వేస్తే, అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. వావిళ్ల వేంకటేశ్వర శాస్త్రులు దశాబ్దాలు పట్టు విడవలేదు. 1947లో ప్రకాశం పంతులు చొరవతో నిషేధం పోయాక, 1952లో మళ్లీ వేశారు. ఒక పుస్తకం కోసం నలభై ఏళ్లు నిలబడ్డ సంస్థ అది. 1956లో ఆయన పోయాక ఆ వెలుగు తగ్గిపోయింది.

అదే 1952లో మనం ఈ ఊరి కోసం ‘మద్రాసు మనదే’ అని వీధుల్లో అరిచాం. పొట్టి శ్రీరాములు మైలాపూరులో ప్రాణం ఇచ్చారు. ఊరు రాలేదు. ఊళ్లో మనం అచ్చు వేసుకున్నది మాత్రం ఎవరూ ఇవ్వక్కర్లేకుండానే మనది. దాన్ని మనమే అడగకుండా వదిలేసి వచ్చాం. పక్కనే తమిళులు ఏం చేశారో చూశాం కదా! కవి సుబ్రహ్మణ్య భారతి హక్కులను 1949లోనే ప్రభుత్వం తీసుకుంది, తర్వాత ప్రజలకు ఇచ్చేసింది. ఆ తర్వాత వందమందికి పైగా రచయితల కుటుంబాలకు డబ్బు ఇచ్చి, వాళ్ల రచనలను ఎవరైనా అచ్చు వేసుకునేలా చేశారు.

రెండు తెలుగు ప్రభుత్వాలూ ఆ పనే చెయ్యాలి. ఆగిపోయిన ఈ సంస్థల హక్కులు మావి అనేవాళ్లను ఆరు నెలల్లో ఒప్పందాలు తెచ్చి చూపమనాలి. తేలేకపోతే రచయితల, చిత్రకారుల కుటుంబాలతో మాట్లాడి, సొమ్ము చెల్లించి, అంతా ప్రజలకు వదలాలి. మైలాపూరులో శ్రీరాములు స్మారక భవనం ఉండనే ఉంది, ఒక పూర్తి సెట్టు అక్కడ పెట్టొచ్చు.

తొందర ఎందుకంటే, శంకర్ 2020లో ఇదే చెన్నైలో పోయారు. పేరు లేని కథ ఎవరు రాశారో, సంతకం లేని బొమ్మ ఎవరు గీశారో చూసి చెప్పగలిగిన పాత ఉద్యోగులు కొద్దిమందే మిగిలారు. వాళ్లలో ఎక్కువమందికి ఎనభై దాటాయి.