మూడుకాళ్ల దుర్భిణి గారికి

మహారాజశ్రీ దుర్భిణి గారికి, మెడ పట్టేసిన ఓ సందర్శకుడు నమస్కరించి రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ ఇటువైపు కుశలం లేదు.

నిన్న తమరు కొలువుదీరిన కోస్టారికాలోని మాన్యుయెల్ ఆంటోనియో జాతీయ పార్కుకి వచ్చాను. మంగళవారం సెలవంటే బుధవారానికి మార్చుకున్నాను. టికెట్టు ఆన్‌లైన్‌లోనే అంటే అలాగే కొన్నాను. తినుబండారాలు తేవద్దంటే బిస్కెట్లు గదిలోనే వదిలేశాను. ఒక్క గైడు విషయంలోనే కక్కుర్తి పడ్డాను. దేవుడిచ్చిన కళ్లు రెండున్నాయి కదా, అడవి చూడ్డానికి మూడో కన్నెందుకు అనుకున్నాను.

పొద్దున ఏడింటికి లోపలికొస్తే దారి పొడుగునా గైడ్ల పక్కన తమరే. పది అడుగులకొకరు, తల పైకెత్తి, మూడు కాళ్ల మీద నిలబడి. ఒక్కొక్కరి వెనక ఒక క్యూ. వచ్చినవాడు వచ్చినట్టు ఒక కన్ను మూసి, వంగి, "అబ్బ!" అని లేస్తున్నాడు. నేనూ అదే చెట్టుకేసి చూశాను. ఆకులు. పక్కకి జరిగి చూశాను. ఇంకొన్ని ఆకులు. ఒకాయన జాలిపడి వేలు చూపించాడు. "అదిగో స్లాత్. రెండో కొమ్మ, ఎండుటాకు పక్కన." పెళ్లిలో అరుంధతీ నక్షత్రం కనబడిందా అంటే తలూపినట్టు ఊపాను.

స్లాత్ అంటే కొమ్మలకి వేలాడుతూ మెల్లగా కదిలే జంతువు. దాన్ని అక్కడివాళ్లు పెరెసోసో అంటారు, అంటే బద్ధకిష్టి. దాని బొచ్చులో నాచు పెరిగి చెట్టు రంగులో కలిసిపోతుంది. మూడువేళ్ల రకమైతే దొడ్డికి కూడా వారానికోసారే కిందికి దిగుతుంది. ఆ శుభముహూర్తం నిన్న కాదు. మూడు గంటలు చూశాను. కళ్లు కాయలు కాచాయి.

మిగతా అడవికి ఇంత బెట్టు లేదు. తెల్లమొహం కాపుచిన్ కోతిని చూడ్డానికి తమరి సాయం అక్కర్లేదు. బీచ్‌లో అదే నా దగ్గరికొచ్చి, బ్యాగు జిప్పు తీసి, సన్‌స్క్రీన్ పట్టుకుపోయింది. ఎండ మండిపోతుంటే నీడకని వెళ్లిన చెట్టు మాంచినీల్. దాని పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. సముద్రం మాత్రం బాగుంది, కాదనను. కానీ నీళ్లలో ఉన్నంతసేపూ నా కళ్లు చెట్ల మీదే.

అసలు నీకెందుకయ్యా అంత పొగరు? రెండు గాజుబిళ్లలు, ఓ గొట్టం! అడవినంతా గొట్టంలో దాచుకుని, క్యూ కడితేగానీ చూపించవా? పచ్చటి గోడకేసి పిచ్చివాడిలా చూస్తుంటే నా వెనక నవ్వుకున్నారు కూడా!

సరే, గొంతు తగ్గిస్తున్నాను. ఎందుకంటే మూడున్నరకి, గేటు దగ్గరికి వస్తుంటే, ఎవరి గైడో పాపం చెయ్యూపి పిలిచాడు. వంగాను. కళ్ల పక్కన నల్లటి చారలు, తడిసిన ముక్కు, నవ్వుతున్నట్టుండే మూతి. కొక్కేల్లాంటి మూడు గోళ్లు మెల్లగా లేచాయి. పొట్ట దాకా వచ్చాయి. గోక్కుంది. మళ్లీ అంతే మెల్లగా కొమ్మ పట్టుకుంది. నాకు తెలీకుండానే "అబ్బ!" అన్నాను.

ఫోను తమరి కంటికి ఆనించి తీసిన ఫొటో రాత్రి తమ్ముడికి పంపాను. నల్లటి గుండ్రం, మధ్యలో బూడిదరంగు ముద్ద. "కొబ్బరి పీచా అన్నయ్యా?" అన్నాడు. జూమ్ చెయ్యరా, ఎడమపక్క ముక్కు కనబడుతుంది అన్నాను. కాసేపాగి రాశాడు.

"ఆఁ ఆఁ, కనబడింది."