కంటి డాక్టరు సరిహద్దు దాటాడు

మనిషి ఒంటికి కూడా జిల్లాలు గీయాలని, ఏ జిల్లా డాక్టరు ఆ జిల్లాలోనే ఉండాలని నా చిరకాల అభిప్రాయం. బరంపురంలో పుట్టి పెరిగినవాణ్ణి, సరిహద్దు సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు. కొరాపుట్ వైపు కొటియా ఊళ్ల మీద ఒడిశా, ఆంధ్రా రాష్ట్రాలు రెండూ కోర్టుకెక్కాయి, ఒక్కో మనిషి చేతిలో రెండు కార్డులు పెట్టాయి. ఇలాంటి నేల మీద కూర్చుని ఒక కంటి డాక్టరు నా బీపీ జోలికి రావడాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను.

నేను వెళ్లింది కళ్లజోడు కోసం. ఆయన కంట్లో చుక్కలు వేయించి, అరగంట కూర్చోబెట్టి, లైటు వేసి చూసి, "మాస్టారూ, బీపీ బిళ్ల మానేశారా?" అన్నాడు.

"తల తిరగడం లేదు బాబూ, ఇంకెందుకని..."

"తల తిరగకపోయినా బీపీ ఉంటుందండీ."

చూశారా! నా గుట్టు మా ఆవిడకే తెలీదు, ఈయనకెలా తెలిసింది? దీనికంతటికీ మూలం 1851లో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ పెద్దమనిషి. కంటిపాపలోంచి వెనక తెరను చూసే పరికరాన్ని లోకానికి పరిచయం చేసి పుణ్యం కట్టుకున్నాడు. కోత పెట్టకుండా నెత్తురు నాళాలను అంత స్పష్టంగా చూడగలిగే చోటు ఒంట్లో మరొకటి లేదట. అంటే కన్ను మనం లోకాన్ని చూసే కిటికీ అనుకుంటున్నాం గానీ, బయటివాళ్లు మన వంటిల్లు చూసే కిటికీ కూడా అదే.

బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అక్కడి సన్నటి ధమనులు ఇంకా సన్నబడతాయి, గోడలు మందమవుతాయి. ఆ గోడ లైటు పడితే రాగి తీగలా మెరుస్తుంది. ఇంకా ముదిరితే వెండి తీగ. రాగి నుంచి వెండికి ఎదిగినందుకు బాధపడే ఇల్లు ఇదొక్కటే అనుకుంటాను.

అసలు గొడవ ధమని, సిర ఒకదాన్నొకటి దాటే చోట. అక్కడ రెండింటికీ కలిపి ఒకటే తొడుగు. మా వీధిలో అన్నదమ్ముల ఉమ్మడి గోడ లాంటిదన్నమాట. అన్న గోడ లావు చేసుకుంటూ పోతాడు, తమ్ముడి కాలువ నొక్కుకుపోతుంది, నీళ్లు వెనక్కి తన్ని పెరడంతా చిత్తడి. కంట్లో అయితే సిర మూసుకుపోయి నెత్తురు చిమ్ముతుంది, చూపు మసకబారుతుంది. నాది ఇంకా నొక్కుకునే దశేనట. "రెండో గ్రేడు" అన్నాడు.

ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, గ్రేడు అనగానే మొదటిదెందుకు రాలేదని అడిగాను. ఇక్కడ పైకి పోయేకొద్దీ నష్టమట. 1939లో కీత్, వాగెనర్, బార్కర్ అని ముగ్గురు నాలుగు గ్రేడులు పెట్టారు. నాలుగోదంటే కంటి నరం మొదలే ఉబ్బడం. ఇప్పటి మందులు లేని ఆ రోజుల్లో, నాలుగో గ్రేడు వాళ్లలో మూడేళ్లకు మిగిలింది నూటికి ఆరుగురు. ఇంత కఠినంగా మేం ఎప్పుడూ పేపర్లు దిద్దలేదు.

మా బావది ఇంకో కథ. ఒక కంటికి నల్లటి తెర దిగి, ఐదు నిమిషాల్లో లేచిపోయింది. "కరెంటు పోయి వచ్చిందిలే" అని టీ తాగాడు. మెడలోని ధమనిలో పేరుకున్న కొవ్వు నుంచి చిన్న ముక్క ఊడి కంటి దాకా వచ్చినా అలాగే అవుతుందని, అది పక్షవాతానికి ముందస్తు నోటీసని, ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలని డాక్టరు నా మీద అరిచాడు. తెర లేవకుండా ఉండిపోతే కన్ను నిలవడానికి గంటల లెక్కే. నొప్పి మాత్రం ఉండదు. నొప్పి లేనిదాన్ని జబ్బుగా లెక్కేయడం మా ఇంటా వంటా లేదని మనవి చేశాను.

చుక్కల మహిమ వల్ల బయటికొచ్చాక బస్సు బోర్డు అలికేసినట్టుంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, తెలుగో ఒడియానో తేలలేదు. భాషా సమస్యకు ఇంత సులువైన పరిష్కారం ఏ ప్రభుత్వమూ కనిపెట్టలేదు.

ఇక ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపే అన్నాడు, అంటే ఓ టీ చెంచా. ఈ మాట హుమ్మా ఉప్పుమళ్లున్న గంజాం జిల్లాలో, అప్పడాలకూ పచ్చళ్లకూ పేరుపడ్డ బరంపురంలో నిలబడి అనడానికి గుండె ధైర్యం కావాలి. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. బిళ్లల అట్ట వెతికి నా కంచం పక్కన పెట్టింది.

"ఇకమీదట అప్పడాలు వేయించనండీ. నిప్పుల మీద కాలుస్తాను, నూనె తగ్గుతుంది" అంది.

ఉప్పు సంగతి నేను ఎత్తలేదు.