పిల్లి షుగర్ గురించి తిరుగుతున్న ఆ ఏడు సూత్రాలు: మూడోది ప్రాణం తీస్తుంది

మళ్లీ వచ్చింది. "పిల్లికి షుగర్ వచ్చిందా? డాక్టర్ల చుట్టూ తిరగకండి, ఇంట్లోనే కంట్రోల్ చేసుకునే 7 సూత్రాలు" అని, చివర్లో నాలుగు దండాలు పెట్టి తిరుగుతోంది చూడండి, అదే మెసేజ్. పిల్లుల గ్రూపులో ఒకరు పెట్టారు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకొకరు, నిన్న మా పెద్దమ్మ కూడా "నీకు పనికొస్తుందేమో చూడు నాన్నా" అని పంపింది. అందరూ మంచి మనసుతోనే పంపుతున్నారు, నాకు అదే ఎక్కువ బాధ. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడే రాసేస్తున్నా.

మొదటి సూత్రం మెంతులు, కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి. వద్దు. మాంసం తిని బతికే జంతువు నోట్లో బలవంతంగా కాకర రసం పోస్తే అది అన్నం ముట్టడం మానేస్తుంది, అంతకు మించి జరిగేదేం లేదు. కొన్ని కాపీల్లో వెల్లుల్లి కూడా చేర్చారు, అది మాత్రం అస్సలు పెట్టకండి, ఉల్లి వెల్లుల్లి పిల్లి రక్తంలో ఎర్రకణాల్ని పగలగొట్టేస్తాయి.

రెండోది "వారానికి ఒక రోజు ఉపవాసం". లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా లివర్‌కి చేరి లివర్ పాడైపోతుంది, పైగా ఇన్సులిన్ ఒంట్లో ఉండగా కడుపు ఖాళీగా పెడితే షుగర్ ఎంత కిందికి పడిపోతుందో చెప్పక్కర్లేదు. ఉపవాసాలు మనం చేసుకుందాం, పిల్లిని వదిలేయండి.

ఇక మూడోది. దాన్ని ఉన్నదున్నట్టు పెడుతున్నా: "ఉదయం షుగర్ 300 దాటితే వెంటనే ఒక యూనిట్ పెంచండి, నార్మల్ వచ్చేదాకా రోజూ పెంచుకుంటూ వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లు వాడే ఇన్సులిన్, సిరంజి ఏదైనా సరిపోతుంది." ఇది రాసిన మనిషి ఎవరో గానీ, ఒక్క పిల్లికైనా సూది వేశారా అసలు?

"ఒక్క యూనిట్టే కదా" అనిపిస్తుంది. మీ నాన్నగారు 20 యూనిట్లు తీసుకుంటుంటే 21 చేస్తే పెద్ద తేడా ఉండదు. నాలుగు కిలోల పిల్లికి మామూలుగా మొదలుపెట్టేదే పూటకి ఒక యూనిట్, అలా రోజుకి రెండు పూటలు. దాన్ని రెండు చేస్తే డబుల్. మర్నాడు మూడు చేస్తే మూడు రెట్లు. గ్లార్జిన్ లాంటి, ఎక్కువసేపు పనిచేసే ఇన్సులిన్ డోసు మార్చాక పిల్లి ఒంట్లో అది కుదురుకోవడానికే కొన్ని రోజులు పడుతుంది, అందుకే డాక్టర్లు వారం దాకా ఆగి, అర యూనిట్ చొప్పున, ఎక్కువంటే ఒక యూనిట్, జరుపుతారు. నిన్నటి డోసు పని ఇంకా పూర్తిగా తేలకముందే ఇవాళ ఇంకోటి ఎక్కిస్తే మీరు చూస్తున్న అంకెకీ మీరు వేసిన డోసుకీ సంబంధమే ఉండదు.

ఆ అంకె సంగతి కూడా చూద్దాం. సూదికి ముందు కొలిచే షుగర్ సాధారణంగా ఆ పూటలో ఎక్కువగా ఉండే షుగరే. మీరు భయపడాల్సింది మధ్యలో, సూది వేసిన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో, అడుగుకి దిగే షుగర్ గురించి. ఉదయం 320 చూపించిన పిల్లి మధ్యాహ్నం 70 లో ఉండొచ్చు, అప్పుడు మీరు ఆఫీసులో ఉంటారు. అందుకే డోసు మార్చాలంటే ఒక రోజంతా రెండేసి గంటలకి కొలిచి ఆ అడుగు అంకె చూసి మారుస్తారు. పైగా పిల్లి భయపడినా, గింజుకున్నా షుగర్ ఎగబాకుతుంది, జబ్బు లేని పిల్లికి కూడా ఆ కంగారులో 250, 300 రావొచ్చు. చెవి పట్టుకుని పెనుగులాడి తీసిన ఒక్క చుక్క చూసి డోసు పెంచేస్తారా?

అన్నిటికంటే ఘోరం "సిరంజి ఏదైనా సరిపోతుంది" అన్న ముక్క. మన దగ్గర మెడికల్ షాపులో ఇన్సులిన్ ఎక్కువగా రెండు రకాల గాఢతలో దొరుకుతుంది, మిల్లీలీటర్‌కి 40 యూనిట్లది, 100 యూనిట్లది. మిక్స్‌టార్డ్ అనే ఇన్సులిన్ సీసా చాలావరకు 40, గ్లార్జిన్ మామూలుగా 100. ఎర్ర మూత సిరంజి 40 దానికి, నారింజ మూత సిరంజి 100 దానికి. 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో ఒక గీత, అంటే దాని లెక్కలో ఒక యూనిట్, లాగితే పిల్లి ఒంట్లోకి వెళ్లేది రెండున్నర యూనిట్లు. దానిమీద ఈ మహానుభావుడు రోజుకొక యూనిట్ పెంచమంటున్నాడు! మూడో రోజుకి మూడు గీతలు అంటే ఏడున్నర యూనిట్లు. ఆ పిల్లి తూలుతుంది, విపరీతంగా ఆకలి అంటుంది లేదా మూల చేరి పడిపోతుంది, ఫిట్స్ వస్తాయి. షుగర్ 350 లో రెండు రోజులున్న పిల్లి, తింటూ తిరుగుతూ ఉంటే, ఆ రెండు రోజులకే చచ్చిపోదు. 30 కి పడిపోయిన పిల్లి తెల్లారేసరికి ఉండకపోవచ్చు. ఈ తేడా తెలియనివాళ్లు సూత్రాలు రాయకూడదు, అంతే.

అలా తూలుతున్నట్టు కనిపిస్తే ముందు తేనో, చిక్కగా కలిపిన గ్లూకోజ్ నీళ్లో చిగుళ్లకి రుద్దండి, మింగగలిగితే తిండి పెట్టండి, వెంటనే వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. ఫిట్స్‌లో ఉన్నప్పుడు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నాలుగోది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, "గ్లూకోమీటర్ అక్కర్లేదు, మూత్రం దగ్గర చీమలు పట్టకపోతే షుగర్ కంట్రోల్‌లో ఉన్నట్టే." పిల్లి మూత్రంలోకి షుగర్ దిగాలంటే రక్తంలో దాదాపు 250 దాటాలి. చీమలు రాలేదంటే షుగర్ 180 అయినా ఉండొచ్చు, 40 అయినా ఉండొచ్చు. ఇంట్లో ఉన్న మామూలు మీటర్ పిల్లి రక్తానికి కొంచెం తక్కువ చూపిస్తుంది నిజమే, పిల్లుల్లో గ్లూకోజ్ దాదాపు అంతా ప్లాస్మాలోనే, అంటే రక్తంలోని నీటి భాగంలోనే ఉంటుంది, ఆ మీటర్ మన రక్తానికి తయారు చేసింది. అయినా చీమల కంటే వెయ్యి రెట్లు నయం.

ఐదోది, ఒక పూట మర్చిపోతే తర్వాత పూట డబుల్ వేయమంది. వేయకండి. సూది సరిగ్గా దిగిందో లేదో, బొచ్చు మీద కారిపోయిందో తెలియకపోయినా రెండోసారి పొడవకండి, తర్వాత పూట మామూలు డోసే.

ఆరోది, డ్రై ఫుడ్ మానేసి మాంసం ఎక్కువుండే తడి తిండికి మారమంది. ఇది కరెక్టే, నిజంగా మంచి మాటే. డ్రై ఫుడ్‌లో పిండి పదార్థం చాలా ఎక్కువ, పెరుగన్నం సంగతి సరేసరి. కానీ "ఈ రోజు నుంచే మార్చేయండి" అన్నారు, ఇన్సులిన్ మాట ఎత్తలేదు. తిండిలో పిండి తగ్గగానే అదే డోసు ఎక్కువైపోతుంది. మారుస్తున్నన్ని రోజులూ కొలుస్తూ, డాక్టర్‌తో మాట్లాడి డోసు తగ్గించుకుంటూ మెల్లగా మార్చాలి. ఉత్త ఉడికించిన చికెనే నెలల తరబడి పెడితే కాల్షియం చాలదు, ఆ నీళ్లు పారబోస్తే పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం కూడా పోతుంది.

ఏడోది "సూదులు జీవితాంతం అక్కర్లేదు, మాత్రలు వచ్చాయి". ఇది కూడా అబద్ధమని కొట్టేద్దామనుకున్నా గానీ కాదు. మొదట్లోనే సరిగ్గా ఇన్సులిన్ ఇచ్చి తిండి మారిస్తే కొన్ని పిల్లులు సూది లేకుండా బతికే స్థితికి వస్తాయి. మాత్రలు కూడా ఉన్నాయి, అమెరికాలో 2022 చివర్లో బెక్సాగ్లిఫ్లోజిన్‌కి అనుమతి వచ్చింది, 2023 లో వెలాగ్లిఫ్లోజిన్ ద్రావణానికి వచ్చింది. కాకపోతే అవి అంతకుముందు ఇన్సులిన్ వాడిన పిల్లులకి కాదు, వాటితో షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి రావొచ్చు. మనుషుల షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ విరిచి పెట్టడం అసలు వేరే సంగతి, అది పిల్లులకి పనిచేయదు.

ఇంకోటి కూడా చెప్తా, ఆ మెసేజ్ మీటర్ అక్కర్లేదన్నా, ఇంట్లో కొలుచుకోవడం నేర్చుకోవడం మంచిదే. ఫీజులు ఎక్కువ, రాత్రిపూట పిల్లిని చూసే డాక్టర్ దొరకడం కష్టం, జనం ఇలాంటి మెసేజ్‌ల వెంట పడేది అందుకే, వాళ్లని నేను తప్పుపట్టను.

ఇప్పటికే దీన్ని నమ్మి డోసు పెంచుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ రాత్రి సూదికి ముందే బాటిల్ మీద 40 ఉందా 100 ఉందా, సిరంజి మూత ఏ రంగు, ఎన్ని గీతలు లాగుతున్నారు, ఈ మూడూ కాగితం మీద రాసి ఫోటో తీసి మీ వెట్‌కి పంపండి. ఆయన చెప్పేదాకా ఇంకో గీత పెంచకండి.