అప్పట్లో రెండే కార్లంట! మరి మద్రాసు పక్కనే తయారైన మూడోది ఏమైనట్టు?

మా చుట్టాల గ్రూపులో ఒకే మెసేజి మూడు వారాల్లో నాలుగుసార్లు వచ్చింది. ఒంగోలు బావ పంపాడు, బెంగళూర్లో ఉండే మేనల్లుడు పంపాడు, మళ్ళీ బావే పంపాడు, తను ముందే పంపిన సంగతి మర్చిపొయ్యి. పైన పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా ఫొటో, కింద కథ. కథేందంటే ఆ రోజుల్లో మన దేశంలో ఉన్నవి రెండే కార్లు, అంబాసిడర్, ఫియట్. పాత తెలుగు సినిమాలో కారు గుండ్రంగా ఉంటే అంబాసిడర్, పలకలుగా ఉంటే ప్రీమియర్ పద్మిని, 1964 నుంచి హీరోయిన్లందరికీ అదే కారు. పైకప్పు లేకుండా పొడుగ్గా ఉంటే ఇంపాలా. అనుమానం వస్తే నంబర్ ప్లేటు చూస్తే ఏ సంవత్సరమో తెలిసిపోద్ది. చివర్లో ఆ రోజులే వేరు అని రెండు దండాల బొమ్మలు.

మొదటిసారి నవ్వుకున్నా, రెండోసారి ఊరుకున్నా, నాలుగోసారి మాత్రం వల్ల కాలా. ఎందుకంటే ఇందులో ఒక్కటంటే ఒక్క ముక్క కూడా పూర్తిగా కరెక్ట్ కాదు, పైగా ఆ లిస్టులో లేని కారే, స్టాండర్డ్ హెరాల్డ్, నాకు అన్నిటికన్నా ఇష్టమైన కారు.

మాది కందుకూరు. ప్రకాశం జిల్లా అని రాసుకుంటా పెరిగాం, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు, జిల్లా మారినా ఊరు మాత్రం ఆడే ఉంది. మా పెదనాన్నకి నెల్లూర్లో ట్రంకురోడ్డుకి రెండు సందులవతల మెకానిక్ షెడ్డు ఉండేది. కుర్రతనంలో మద్రాసులో పని నేర్చుకున్నాడు, తర్వాత కూడా స్పేర్ పార్టులు కావాలంటే పుదుప్పేట పొయ్యి పాతసామాన్లలో ఏరుకోని, గోనెసంచిలో వేసుకోని, బిట్రగుంట ప్యాసింజర్లో తెచ్చేవాడు. ఆయన చేతిలోకి అన్ని కార్లూ వచ్చేవి గానీ ఆయనకి ప్రాణం మాత్రం స్టాండర్డ్ కంపెనీ బండ్లే, అందులోనూ హెరాల్డ్. ఇప్పుడు కళ్ళు సరిగ్గా ఆనవు, అయినా రాత్రి అన్నం తిన్నాక ఫోన్లో పాత సినిమా పెట్టి టీవీకి కలిపితే కథ జోలికి పోడు, కార్లే చూస్తాడు. "ఆపు ఆడ. కొంచెం ఎనక్కి తిప్పు అబ్బయా. ఆ మూల చెట్టుకింద నిలబెట్టింది చూడు." హీరోయిన్ ఏడుస్తా ఉంటది, మేం చెట్టుకింద కారు చూస్తా ఉంటాం.

సరే, మెసేజి సంగతికొద్దాం.

రెండే కార్లు అన్నమాట. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా అనే కంపెనీ ఉండేది, ఫ్యాక్టరీ యాడో బొంబాయిలోనో కలకత్తాలోనో కాదు, మద్రాసు అవతల తాంబరం దాటంగానే వచ్చే వండలూర్లో. నెల్లూరు నించి మద్రాసు అంతా కలిపి 175 కిలోమీటర్లు, ఇంకో గంట పోతే కారు పుట్టిన చోటు. అంబాసిడర్ పుట్టింది కలకత్తా పక్కన ఉత్తరపారాలో, ఫియట్ పుట్టింది బొంబాయి కుర్లాలో. అంటే దూరం లెక్కన చూసుకుంటే మన నెల్లూరోళ్ళకి సొంతూరి కారు స్టాండర్డే, దాన్నే లిస్టులోంచి ఎగరగొట్టారు. ముందు వాన్‌గార్డ్, తర్వాత స్టాండర్డ్ 10, 1961 నించి హెరాల్డ్. ఇంగ్లాండులో దాని పేరు ట్రయంఫ్ హెరాల్డ్, బొమ్మ గీసింది మికెలొట్టి అనే ఇటలీ ఆయన, ఇక్కడ మాత్రం స్టాండర్డ్ పేరుతో అమ్మారు. దాంతో కొంతమంది అది ఫారిన్ కారు అనుకుంటారు. నాలుగు డోర్ల హెరాల్డ్ ఇంగ్లాండులో అసలు తయారే కాలా, వాళ్ళకి రెండు డోర్లే. వెనక సీట్లో అత్తగారు కూర్చోవాలంటే ముందు సీటు మడిచి వంగి దూరాలి కదా, అది మనకి కుదిరే పనా? అందుకని ఇక్కడ నాలుగు డోర్లు పెట్టారు. అంత మన కారు అది.

సినిమాలు కూడా అప్పుడు యాడ తీశారు? వడపళనిలో, కోడంబాకంలో. వాహినీ స్టూడియో నించి వండలూరుకి బస్సులో పోవచ్చు. షూటింగుకి కారు కావాలంటే చుట్టుపక్కల తిరిగే కారే కదా తెస్తారు. 1960ల తెలుగు సినిమాల్లో హెరాల్డ్ కనపడకపోతే ఆశ్చర్యపోవాలి గానీ కనపడితే ఏముంది!

కనిపెట్టడం కూడా కష్టం కాదు, పెదనాన్న నాకు మూడు గుర్తులు చెప్పాడు. మొదటిది కనుబొమ్మలు. హెడ్‌లైటు మీద రేకు ముందుకి పొడుచుకోని, కోపంగా చూస్తున్నట్టు ఉంటది. అంబాసిడర్‌కీ లైటు పైన కొంచెం అంచు ఉంటది గానీ అది నిద్రమొహం, హెరాల్డ్‌ది చురుకు మొహం.

రెండోది సినిమావాళ్ళకి బాగా పనికొచ్చింది. దారిలో బండి ఆగిపోద్ది, హీరో దిగి బానెట్ ఎత్తుతాడు, పొగ వస్తది, తర్వాత హీరోయిన్ వస్తది. మామూలు కారుకి బానెట్ రేకు ఒక్కటే లేస్తది. హెరాల్డ్‌కి అట్టా కాదు, బానెట్, రెండు మడ్‌గార్డులు, లైట్లు, జాలీ మొత్తం ఒకే ముక్క, అద్దం దగ్గర నించి లేచి ముందుకి పడిపోద్ది, మొసలి నోరు తెరిచినట్టు. ఇంజినూ ముందు చక్రాలూ మొత్తం బయటకొచ్చి కూర్చుంటయ్. పెదనాన్న షెడ్డులో నేనే చూశా, ఆయన ముందు టైరు మీద పీట మీద కూర్చున్నట్టు కూర్చోని, ఒళ్ళో స్పానర్లు పెట్టుకోని కార్బొరేటర్ విప్పేవాడు. నడుం వంచే పనే లేదు. ఆయనకి ఆ కారు అంటే ప్రేమ ఎందుకో నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలా, ఇప్పుడు నా నడుం నొప్పి చూసుకుంటే అర్థమైతంది.

మూడోది వెనక చక్రాలు, ఇది తెలిస్తే మీరు కూడా ఇంక కథ చూడరు. అంబాసిడర్‌కి వెనక ఇరుసు ఒకటే గట్టి కడ్డీ, రెండు పక్కలా కమాన్ కట్టలు (రేకులు పేర్చి కట్టిన స్ప్రింగులు), ఎంతమంది ఎక్కినా చక్రాలు నిటారుగానే ఉంటయ్. హెరాల్డ్‌కి ఇరుసు మధ్యలో విడిపోయి రెండు చక్రాలూ దేనికది ఊగుతయ్, కమాన్ కట్ట ఒక్కటే, అడ్డంగా. వెనక ముగ్గురు లావుపాటి వాళ్ళు ఎక్కారనుకో, చక్రాలు పైన లోపలికి, కింద బయటికి వాలిపోతయ్. మనవైపు తిరునాళ్ళల్లో బండలాగుడు పోటీల్లో గిత్త బరువు మీద వెనక కాళ్ళు ఎడం చేసి నిలబడద్ది చూడండి, అచ్చం అట్ట. సినిమాలో జమీందారు కుటుంబం మొత్తం కార్లో దిగే సీను వస్తే వెనక చక్రం చూడండి చాలు. నిజం చెప్పాలంటే ఇది ఆ కారుకి మైనస్సే, మన మెకానిక్కులూ ఓనర్లూ గొణిగి గొణిగి, చివరికి కంపెనీ వాళ్ళే 1970ల మొదట్లో గజెల్ అని బాడీ మార్చి దింపినప్పుడు మామూలు గట్టి ఇరుసు వేశారు. ఈ మాట పెదనాన్న దగ్గర అంటే ఒప్పుకోడు. "తోలడం రానోడికి అన్నీ మైనస్సులే" అంటాడు.

స్టాండర్డ్‌ని పక్కన పెట్టినా రెండు కార్ల లెక్క నిలవదు. 1950ల మొదటి దాకా జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ మన దేశంలోనే కార్లు బిగించి అమ్మినయ్. ఊరికే విడిభాగాలు తెచ్చి బిగిస్తే కాదు, ఇక్కడే తయారుచెయ్యాలి అని ప్రభుత్వం పట్టుబడితే రెండూ మూటాముల్లె సర్దుకున్నయ్. కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు ఫియట్ కన్నా ముందు డాడ్జిలు, ప్లిమత్‌లు బిగించారు. మన దారిలోనే, మద్రాసు ఇంకా రాకముందే తగిలే ఎన్నూర్లో అశోక్ మోటార్స్ ఆస్టిన్ A40లు బిగించింది. ఆ కంపెనీయే తర్వాత అశోక్ లేలాండ్ అయ్యి లారీల్లోకి పొయ్యింది. ఇవన్నీ రోడ్ల మీద ఇరవై ముప్పై ఏళ్ళు తిరిగినయ్, ఎందుకంటే అప్పుడు కారు కొంటే పారేసే అలవాటు లేదు, తాత కొంటే మనవడు అమ్మేవాడు.

గుండ్రంగా ఉంటే అంబాసిడర్ అన్నది ఇంకో పెద్ద తప్పు, దీనికి కారు తెలియక్కర్లా, క్యాలెండర్ తెలిస్తే చాలు. అంబాసిడర్ వచ్చింది 1957లో. మిస్సమ్మ 1955, దొంగరాముడు 1955. ఆ సినిమాల్లో గుండ్రటి కారు కాదుగదా పూర్ణం బూరె లాంటి కారు కనపడినా అది అంబాసిడర్ అయ్యే ఛాన్సే లేదు, ఇంకా పుట్టలేదు కాబట్టి. తోడికోడళ్ళు కూడా 1957 మొదట్లో వచ్చేసింది, తీసింది అంతకు ముందే. అట్టాంటి చోట అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ కంపెనీ కారే అయితే అది ల్యాండ్‌మాస్టర్ అయ్యుండాలి, లేకపోతే అంతకన్నా పాత హిందుస్థాన్ 14. ల్యాండ్‌మాస్టర్‌కీ అంబాసిడర్‌కీ తేడా వెనక పక్క చూస్తే తెలిసిపోద్ది, అంబాసిడర్ వెనక మడ్‌గార్డులు చివర కొంచెం పైకి లేచి చిన్న తోకల్లాగా ఉంటయ్, ల్యాండ్‌మాస్టర్‌కి నున్నగా జారిపోతయ్. ముందు జాలీలో చిన్న చిన్న గడులు ఉంటే అది అంబాసిడర్ మార్క్ 2, అంటే 1960ల నించి వచ్చిన బండి. మా పిన్ని కొడుకు ఒకడు ఇవన్నీ ఒకటేగదన్నా అంటాడు, ఇడ్లీ దోసె కూడా ఒకటే పిండి గదా మరి.

ఇక 1964 పద్మిని. ఈ తప్పు ఎందుకొచ్చిందో నాకు తెలుసు, అందుకని బావని ఇక్కడ కొంచెం క్షమిస్తా. ఆ బాడీ 1964లోనే వచ్చింది, కరెక్టే, కానీ పేరు ఫియట్ 1100 డిలైట్. పద్మిని అనే పేరు పెట్టింది 1974లో. పదేళ్ళు ఆ కారు పద్మిని కాదు. అంతకు ముందు 1954 నించీ ఇంకో షేపులో ఫియట్ 1100 ఉంది, గుండ్రంగా బొద్దుగా, మన మెసేజి ప్రకారం అయితే గుండ్రం కాబట్టి అది కూడా అంబాసిడర్ అయిపోద్ది! ఆ 1950ల ఫియట్‌ని పట్టాలంటే డోరు తీసే దాకా ఆగండి. ముందు డోరు కీలు వెనకపక్క ఉంటది, అందుకని డోరు ముందు అంచు తెరుచుకోని వెనక్కి పోద్ది. హీరోయిన్ ముందు సీట్లోంచి దిగేటప్పుడు డోరు వెనక్కి పోతే పాత ఫియట్, ముందుకి పోతే పద్మిని వైపు బండి. డైరెక్టర్లకి తెలీకుండానే మనకి ఎన్ని సాక్ష్యాలు వదిలిపెట్టారో.

ఇంపాలా మీద ఎక్కువ రాయను. పొడుగ్గా, తోకలతో, పైకప్పు తీసేసి ఉన్న ప్రతి అమెరికా కారూ ఇంపాలా కాదు, షెవర్లే వాళ్ళు ఆ పేరు పెట్టిందే 1958 మోడల్‌కి. ప్లిమత్‌లు, బ్యూక్‌లు, డాడ్జిలు అన్నిటికీ తోకలున్నయ్ ఆ రోజుల్లో. దిగుమతుల మీద కట్టడి పెట్టినాక అట్టాంటి కార్లు చాలావరకు ఎంబసీల వాళ్ళు వాడి వదిలేస్తే స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మకానికి వచ్చినవే. మన సినిమాలో జమీందారు కూతురు తోలే కారు అంతకుముందు ఏ ఎంబసీ దొరదో. తోలడం అంటే గుర్తొచ్చింది, సగం సీన్లలో ఎవురూ తోలరు. కారు స్టూడియోలో నిలబడే ఉంటది, వెనక తెర మీద రోడ్డు పోతంటది, హీరో స్టీరింగ్ ఇటు అటు తిప్పుతా పాట పాడతా ఉంటాడు, రోడ్డు మాత్రం తిన్నగా పోతంటది. అట్టాంటి చోట కారు ఏందో తేల్చాలంటే డాష్‌బోర్డు తప్ప దిక్కులేదు.

నంబర్ ప్లేటు నమ్ముకుంటే ఇంకా మునుగుతారు. ప్లేటు చెప్పేది ఆ కారు యాడ రిజిస్టర్ అయ్యిందీ అని, అదీ సినిమావాళ్ళు మార్చకపోతే. మద్రాసులో తీశారు కాబట్టి ఎమ్ తో మొదలయ్యే మద్రాసు నంబర్లే ఎక్కువ, కథేమో కృష్ణా జిల్లా పల్లెటూర్లో! సినిమా 1968ది అయినా అందులో కారు 1948ది కావచ్చు, కారు వయసు వేరు, రిజిస్ట్రేషన్ వేరు, షూటింగు వేరు. ఒక్క విషయానికి మాత్రం ప్లేటు పనికొస్తది. నెల్లూరు ఏపీ 26, ప్రకాశం ఏపీ 27 లాంటి నంబర్లు కొత్త మోటారు చట్టం 1989లో అమల్లోకి వచ్చినాకే. బావ పంపిన ఆ ఫొటోని జూమ్ చేసి చూడండి, బ్లాక్ అండ్ వైట్ అయితే చేశారు గానీ వెనక మూల స్కూటర్ ప్లేటు మీద ఏపీ అని, పక్కన రెండు అంకెలూ కనపడతన్నయ్. అంటే అది పాత సినిమా ఫొటోనే కాదు.

ఒకటి ఒప్పుకుంటా. 1970ల చివర నించి మారుతి వచ్చే దాకా రోడ్డు మీద చూసిందంతా చాలావరకు అంబాసిడర్లూ ఫియట్లే, నా చిన్నప్పుడు కందుకూరు బస్టాండు దగ్గర టాక్సీలన్నీ అంబాసిడర్లే. ఆ మెసేజి రాసినాయన తన చిన్నతనం చూసి, దాన్నే తీసుకెళ్ళి వాళ్ళ నాన్న చిన్నతనానికి తగిలించాడు. ఇరవై ఏళ్ళు వెనక్కి జరిపాడంతే.

ఇదంతా రాసి నిన్న రాత్రి గ్రూపులో పెట్టా. అర నిమిషంలో బావ దగ్గర నించి బొటనవేలు బొమ్మ వచ్చింది. పొద్దున పెదనాన్నకి మొత్తం చదివి వినిపించా, ఇరుసు సంగతి రాసిన చోట చెయ్యి అడ్డం పెట్టి, అది తీసెయ్ అబ్బయా అన్నాడు. తియ్యలా.