అయిదు లక్షల పేరు

మా బావమరిది ఈసారి పేరు కొన్నాడు. పోయినేడాది నాటుకోళ్ళు కొన్నాడులెండి, వాటి సంగతి ఇప్పుడొద్దు.

మా నియోజకవర్గంలో ఒకాయనకు ఎమ్మెల్యే టికెట్ ఖాయమని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందో లేదో, ఆయన పేరు మీద డాట్‌కామ్ కొనేశాడు. వెయ్యి రూపాయలు కూడా కాలేదు. "నామినేషన్ వేశాక వెబ్‌సైట్ కావాలిగా బావా, నా దగ్గరికే రావాలి." వాళ్ళు వచ్చేదాకా ఆగినా బాగుండేది. ఆ రాత్రే మెయిల్ కొట్టాడు: 'మీ పేరు మా వద్ద అమ్మకానికి కలదు. ధర అయిదు లక్షలు. బేరములు లేవు.'

వారం తిరక్కుండా జవాబు వచ్చింది, రిజిస్టర్డ్ పోస్టులో. సంతకం పెట్టి తీసుకున్న మా అత్తగారు అడ్వాన్సు చెక్కే అనుకుని, కవరుకు బొట్టు పెట్టి దేవుడి దగ్గర ఉంచారు. విప్పితే లాయరు నోటీసు.

మా వీధి ప్లీడరుగారు నోటీసు పక్కన పడేసి మెయిల్ చూపించమన్నారు. "పేరు కొన్నావు సరే, ఇదెందుకు రాశావయ్యా?" డొమైన్లను, అంటే వెబ్‌సైట్ పేర్లను, అజమాయిషీ చేసే ఐకాన్ (ICANN) సంస్థ 1999లోనే రూల్సు పెట్టిందట. ట్రేడ్‌మార్కు లాంటి హక్కున్న పేరును, ఆ హక్కుదారుకే ఖర్చుకు మించి అమ్ముకోవాలని కొంటే దురుద్దేశం కిందికే వస్తుందట. మామూలుగా అవతలివాళ్ళు ఆ రుజువు కోసం తిప్పలు పడాలి. మావాడు టైపు చేసి మరీ పంపాడు.

హాలీవుడ్ నటి జూలియా రాబర్ట్స్ పేరు కొన్నవాడు దాన్ని ఈబే అనే ఆన్‌లైన్ అంగడిలో వేలానికి పెట్టాడు. 2000లో ఆ రూల్సు కిందే పేరు ఆవిడకే ఇప్పించారు. మన అరుణ్ జైట్లీ గారైతే ఢిల్లీ హైకోర్టుకే వెళ్ళి 2011లో గెలిచారు.

"ఓడిపోయిన పెద్దవాళ్ళెవరూ లేరా?" అన్నాడు మావాడు ఆశగా.

"ఉన్నాడు, గాయకుడు స్టింగ్. అది ఇంగ్లీషులో అందరూ వాడే మాటే కదా అన్నారు. నీకది పనికిరాదు. పేరు రాసిచ్చేసి దణ్ణం పెట్టు."

మావాడికి చివరి ముక్కలు వినబడలేదు. అందరూ వాడేదైతే చాలు! మా పెదమావయ్య పేరూ అక్షరం పొల్లుపోకుండా అదే. డొమైన్ ఆయన పేరున పెడితే అడిగేదెవరని అప్పటికప్పుడు బస్సెక్కాడు.

పెదమావయ్య అంతా విని చుట్ట ఆర్పారు.

"నా పొలం పాసుబుక్కులో నా పేరు తప్పు పడింది. రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరగలేక చస్తున్నా. ముందక్కడ నేనే నేనని రాయించుకురా. కంప్యూటర్లో సంగతి తర్వాత చూద్దాం."