మైలేజీ కంటే ముందు బరువు లెక్క చూడండి

షాపు సరుకుకి చిన్న ట్రక్కు కొనేవాళ్లు మైలేజీ చూసి కళ్లు మూసుకుని సీఎన్జీ (గ్యాస్) బండి తీసుకోవచ్చని మీ వ్యాసంలో రాశారు. మైలేజీ వరకు ఒప్పుకుంటాను. మరి గ్యాస్ సిలిండర్ల బరువు ఎక్కడికి పోతుందండీ? మారుతీ సూపర్ క్యారీ పెట్రోలు బండిలో 740 కిలోలు వేయొచ్చు, సీఎన్జీలో 625 మాత్రమే. అంటే రెండు సిమెంటు బస్తాలు దించేసినట్టే. మాది హార్డ్‌వేర్ షాపు, మాకది పెద్ద తేడా. పూలు, బేకరీ సరుకు తోలేవాళ్లకి పట్టింపు ఉండదు.

వెనక సరుకు వేసే తొట్టి పొడవు గురించి అందులో ఒక్క ముక్కా లేదు. టాటా ఏస్‌లో అది దాదాపు ఏడడుగులు. ఇరవై అడుగుల పీవీసీ పైపులు వేయాలంటే క్యాబిన్ మీదికి వాల్చి, తాడు బిగించి, వెనక కొసలకి ఎర్రగుడ్డ కట్టాల్సిందే. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా అవి ఊగుతుంటే వెనక వచ్చే బైకులవాళ్లకి టెన్షన్. రోజూ పైపులే అయితే తొట్టి ఇంకాస్త పొడవుండే బొలెరో పికప్ చూసుకోండి. సందుల్లో తిప్పడానికి మాత్రం టాటా ఏసే సుఖం.

లైసెన్సుకి భయపడక్కర్లేదు. 7,500 కిలోల లోపు రవాణా బండికి ఎల్ఎంవీ (కారు లాంటి తేలికపాటి బండ్ల) లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో మళ్లీ చెప్పింది. ఫిట్‌నెస్ తనిఖీ (బండి కండిషన్ పరీక్ష) మాత్రం మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. సెకండ్ హ్యాండ్ బండి బేరమాడేటప్పుడు ఫిట్‌నెస్ ఏ తేదీ వరకు ఉందో అడగండి.